అన్నిటికంటే చిన్న తుపాకీ

తుపాకుల కొట్టులో అడుగుపెట్టగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన జన్మలో తుపాకీ ముట్టుకున్న మనిషి కాదు, ప్రొద్దుటూరులో దర్జీ. కానీ ఆ కొట్టులో వాసన అచ్చం మా ఇంటి ముందరి గదిలో వాసనే. కుట్టు మిషనుకు పోసే పల్చటి నూనె, చల్లటి ఇనుము, ఎండిన కర్ర. గోడ పొడుగునా గొలుసు గుచ్చి నిలబెట్టిన రైఫిళ్ళు, గాజు బీరువాలో పెట్టెలు పెట్టెలుగా తూటాలు. డెబ్బై దాటినదాన్ని, మోకాళ్ళ నొప్పులున్నదాన్ని, అయినా కుర్చీ చూపిస్తే కూర్చోబుద్ధి కాలేదు. ఒక్కొక్కదాని ముందూ ఆగి చీటీ మీద రాసిందంతా చదువుతూ, ఇదెందుకింత పొట్టి, దాని గొట్టం ఎందుకంత లావు అని చూసుకుంటూ తిరిగాను. చీరల కొట్టులో కూడా నేనింత ఓపిగ్గా తిరగను.

నన్నక్కడికి తీసుకెళ్ళింది మా మనవరాలు మేఘన. మా అమ్మాయి కూతురు. నేనిప్పుడు బ్రిస్బేన్‌లో, సన్నీబ్యాంక్ పేటలో వాళ్ళింట్లోనే ఉంటున్నాను. మేఘన యూనివర్సిటీలో వ్యవసాయం చదివింది. బ్రిస్బేన్‌కు మూడు గంటల దూరంలో, ఎర్రమట్టి నేలల్లో మాకు నలభై ఎకరాలుంది. మేం సాగు మానేశాక కౌలుకిచ్చాం. ఇప్పుడు ఆ పిల్ల తనే సాగు చేస్తానని పట్టుబట్టింది. వేరుశనగ వేసింది. కాయ పట్టే వేళకు అడవిపందులు దిగాయి. సాళ్ళ వెంబడే మూతితో దున్నుకుంటూ పోతాయవి, ట్రాక్టరు కూడా అంత తిన్నగా పోదు. నాలుగు పొద్దుల్లో ఎకరం పైన పోయింది. కంచె వేసింది, కింద తవ్వుకుని వచ్చాయి. బోను పెట్టింది, అందులో పక్కింటి కుక్క పడింది. చివరికి కోర్సు పాసై, లైసెన్సు తీసుకుని, తుపాకీ ఎంచుకోవడానికి బయల్దేరింది. ఆరోజు ఎంచుకోవడమే. తెచ్చుకోవడం పోలీసుల అనుమతి కాగితం వచ్చాకే.

ఇక్కడ మేఘన సంగతి ఒకటి చెప్పాలి. ఆ పిల్ల మాంసం ముట్టదు. పాలు, పెరుగు కూడా మానేసింది. నేను పెరుగన్నం కలుపుకుంటుంటే ఆవు తరఫున వకీలులాగా ఎదురుగా కూర్చుంటుంది. అదంతా వాళ్ళ తాతయ్య పోలిక అని ఇంట్లో అందరూ మురిసిపోతారు. అలాంటి పిల్ల బల్ల దగ్గరికి వెళ్ళి, గడ్డం పెంచుకున్న కొట్టతనితో ఇంగ్లీషులో, "అన్నిటికంటే చిన్నది చూపించండి," అంది. దేనికని అతను అడిగాడు. పందులకని చెప్పింది. చిన్నది పందులకు పనికిరాదని అతను మొదలుపెట్టేలోపే నా వైపు తిరిగి, "అమ్మమ్మా, ఐ డోంట్ వాంట్ టు హర్ట్ దెమ్ టూ మచ్. చిన్న బుల్లెట్ అయితే చిన్న దెబ్బే కదా?" అంది.

ఆ మాట నేనింతకుముందొకసారి విన్నాను. అది అన్న మనిషి పోయి మూడేళ్ళయింది. ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నాడు, ఆ మాట తర్వాత ఏం జరిగిందో పిల్లలకెప్పుడూ చెప్పొద్దని. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఆ పిల్ల మనసులో తాతయ్య తాతయ్యగా మిగలడు. చెప్పకపోతే ఆయన చేసిన పనే ఈ పిల్లా చేస్తుంది.

నేనూ మా ఆయనా ఈ దేశం వచ్చిన కొత్తలో సంగతి అది. మా ఆయన డాక్టరు. ఆ ఎర్రమట్టి ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం. అనంతపురం వైపు వేరుశనగ రైతుల ఇంట పుట్టిన మనిషి, ఆ మట్టి చూడగానే ఆయనకు మతి పోయింది. కారు ఆపి, దిగి, పిడికెడు మట్టి తీసుకుని వాసన చూశాడు. "సరోజా, ఇది మా చేని మట్టే. చూడుపో కావాలంటే," అన్నాడు. నేను చూశాను. నాకు మట్టిలాగే ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ నలభై ఎకరాలూ కొన్నాం. అందులో ఏడెకరాలు వేరుశనగ వేశాం. పొద్దున్నే ఉప్మా తిని చేలోకి, అక్కడ్నుంచి బూట్లు మార్చుకుని ఆసుపత్రికి. సాయంత్రం మళ్ళీ చేలోకి. ఆయన తెల్ల కోటు జేబుల్లో ఎప్పుడు చూసినా పచ్చి కాయలుండేవి. ఉతికే ముందు నేను జేబులు దులిపితే గుప్పెడు మట్టి రాలేది. ఆదివారం పొద్దున ఉప్పేసి కాయలు ఉడకబెడితే ఆ వాసనకి పక్క పొలం కోలిన్ కంచె దాటుకుని వచ్చేవాడు. కోలిన్ అరవై దాటిన ముసలి రైతు, మాటకు ముందు టోపీ సర్దుకునే అలవాటు. మా ఆయన్ని 'డాక్' అనేవాడు. ఉడకబెట్టిన కాయలు తినడం అతనికి మేమే నేర్పాం.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. పగలంతా మనుషుల పొట్టలు కోసి కుట్టే మనిషి, ఇంట్లో సాలీడు కనిపిస్తే గ్లాసు బోర్లించి, కింద కాగితం తోసి, బయట వదిలి వచ్చేవాడు. వాళ్ళింట్లో గుడ్డు కూడా వండరు. మా పుట్టింట్లో ఆదివారం కూర ఉండాల్సిందే, కానీ పెళ్ళయ్యాక నేనూ మానేశాను. అది త్యాగం అనుకోకండి. ఆయన పక్కన కూర్చుని నేనొక్కదాన్నే తినలేక మానేశానంతే. ఆ మనిషి ఏడెకరాల్లోకి పందులు దిగినప్పుడు పడిన అవస్థ చెప్పనలవి కాదు. డబ్బాలు కట్టి చప్పుడు చేశాడు. పాత చొక్కాలు కట్టెలకు తొడిగి నిలబెట్టాడు. పందులు ఆ చొక్కాల కిందే పడుకుని లేచి పోయాయి. కోలిన్ టోపీ సర్దుకుని, "డాక్, నీకు రైఫిల్ కావాలి," అన్నాడు.

అప్పుడు ఇన్ని కాగితాలు లేవు. ఊళ్ళో బెరిల్ అనే ఆవిడ కొట్టు నడిపేది. గాలాలు, రబ్బరు బూట్లు, గొర్రెల కత్తెరలు, తుపాకులు అన్నీ ఒకేచోట. మనిషి లోపలికి రాగానే పైనుంచి కిందికి ఒక చూపు చూసేది, మా నాన్న గిరాకీని చూసినట్టే. "దేనికి?" అని అడిగింది. అబద్ధమాడని మా ఆయన నా ఎదురుగా నిలబడి, "కుందేళ్ళకి," అన్నాడు. అన్నిటికంటే చిన్నది, ట్వంటీటూ అనే రకం, తీసుకున్నాడు. తూటా నా చిటికెన వేలి కొసంత కూడా లేదు. కారులో కూర్చున్నాక, ఎందుకట్లా చెప్పారని అడిగాను. "పందులకని చెప్తే పెద్దది అంటగడుతుంది. అవి భయపడి పోతే చాలు కదమ్మే. చిన్న తూటాకు చిన్న దెబ్బ తగులుతుంది. పాపం కూడా చిన్నదే," అన్నాడు. పసిపిల్లలకు మాత్ర విరిచి సగం ఇచ్చే చెయ్యి ఆయనది. తుపాకీకి కూడా అదే లెక్క వేశాడు. నాకూ అది న్యాయంగానే తోచింది. తప్పు ఆయనొక్కడిదే అనను. నేనూ తలూపాను.

ఒకరోజు ఇంకా పొద్దు పొడవకముందే, చేను చివర ఒక మగపంది కనిపించింది. నల్లగా, బలిసి, వీపు మీద వెంట్రుకలు లేచి. ఆయన కారు బానెట్ మీద మోచేతులు ఆనించి కాల్చాడు. చప్పుడు కొమ్మ విరిగినంతే వచ్చింది. పంది తల విదిల్చి, ఒక్క కేక పెట్టి, వాగు వైపు పరుగెత్తింది. ఆయన నా వైపు తిరిగి, "చూశావా, పోయింది," అన్నాడు. ఆ మొహంలో సంతోషం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. అది పారిపోయిందని, ఇక రాదని, ఎవరికీ ఏమీ కాలేదని. కానీ ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ కేక ఎక్కడిదో ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. డాక్టరు కదా, నొప్పి కేకకు, భయం కేకకు తేడా తెలుసు.

మూడోనాడు కోలిన్ వచ్చాడు. ఆరోజు ఉడకబెట్టిన కాయల కోసం కాదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "డాక్, నువ్వొకసారి వాగు దగ్గరికి రావాలి," అన్నాడు. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, నాకు ప్రతిదీ చూడాలని ఉంటుంది, అది నా బుద్ధి. ఆరోజు మాత్రం వెళ్ళకుండా ఉంటే బాగుండేది. లాంటానా పొదల నీడలో ఆ పంది పడి ఉంది. ప్రాణం ఉంది. కింది దవడ విరిగి వేలాడుతోంది. మూడు రోజులు మేత లేదు, నీళ్ళ పక్కనే ఉండి నీళ్ళు తాగలేదు. ఈగలు. మమ్మల్ని చూసి లేవబోయింది, లేవలేకపోయింది. మా ఆయన దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దవడ వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. కోలిన్ ఆయన భుజం పట్టి లేపి, తన రైఫిల్‌తో ఒక్కసారి కాల్చాడు. అంతటితో అయిపోయింది. దాని నొప్పి ఆగడానికి పట్టింది రెప్పపాటు. మూడు రోజులుగా ఆగనిది అది.

కోలిన్ ఒక్క తిట్టు తిట్టలేదు. "పెద్దది దయగలది, డాక్," అన్నాడు, టోపీ పెట్టుకుంటూ. ఇంటికొచ్చాక మా ఆయన పెరట్లో కుళాయి కింద బట్టలతోనే కూర్చుని తలస్నానం చేశాడు. మన వైపు చావింటికి పోయొస్తే చేసేట్టు. తర్వాత నాలుగు రోజులు చేలోకి పోలేదు. ఇంట్లో పల్లీల చట్నీ చేస్తే గిన్నె పక్కకు జరిపాడు. ఐదో రోజు, "అమ్మేద్దాం సరోజా. పట్నం పోదాం. నా చేతులు దీనికి పనికిరావు," అన్నాడు. అప్పుడే పిల్లలకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు. అప్పటికి మాకింకా పిల్లలే లేరు.

నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఆయన మీదో, పందుల మీదో, నా మీదో సరిగ్గా చెప్పలేను. "మీ చేతులు పనికిరాకపోతే నా చేతులున్నాయి," అన్నాను. మర్నాడు ఆ చిన్న తుపాకీ పట్టుకుని బెరిల్ దగ్గరికి పోయాను. జరిగిందంతా చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, నేనడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. నేను అడగని ప్రశ్న లేదు. ముదురు మగపందికి భుజం మీద తోలు కింద డాలులాంటి మందపాటి పొర ఉంటుందట, చిన్న తూటా అక్కడే ఆగిపోతుందట. పందిని నిలబడ్డ చోటే పడేసేది తూటా సైజు ఒక్కటే కాదు, దాని బరువు, లోపలికి వెళ్ళాక విచ్చుకునే తీరు కూడానట. త్రీ నాట్ ఎయిట్ అనే పెద్ద రకమైతే దేనికైనా సరిపోతుందని ఒకటి నా చేతికిచ్చింది. వాళ్ళ వెనక దొడ్లో మట్టి గట్టు మీద డబ్బా పెట్టి కాల్చి చూడమంది. భుజం మీద గాడిద తన్నినట్టయింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకున్నాను. డబ్బా నిక్షేపంగా ఉంది. "నువ్వు దానికి భయపడితే అదీ చిన్నదానితో సమానమే. గురి తప్పుతావు, మళ్ళీ దవడే," అంది బెరిల్.

పెద్దదీ కుదరదు, చిన్నదీ కుదరదు, ఇక ఏం చేయాలని నిలబడి ఆ తుపాకీ కర్ర వైపు చూశాను. నా భుజానికి అది సరిగ్గా ఆనడంలేదు. మొగవాళ్ళ చొక్కా తొడుక్కున్నట్టు ఎక్కడో వేలాడుతోంది. మా నాన్నకు ఒక అలవాటుండేది. రవికె గుడ్డ తెచ్చినావిడ పాత రవికె కొలతకిస్తే తీసుకునేవాడు కాదు, మనిషినే కొలిచేవాడు, ఎన్నో బేరాలు పోగొట్టుకున్నాడు ఆ పట్టుదలతో. నా సంచీలో టేపు ఎప్పుడూ ఉంటుంది. తీసి, మోచెయ్యి మడిచి, మడత నుంచి చూపుడువేలి దాకా కొలిచాను. తర్వాత తుపాకీ కర్రను భుజానికి ఆనే కొస నుంచి ట్రిగ్గర్ దాకా కొలిచాను. అంగుళంన్నర తేడా. "దీన్ని కత్తిరించొచ్చా?" అని అడిగాను. బెరిల్ నవ్వింది. ఇన్నేళ్ళలో టేపు తెచ్చి తుపాకీ కొన్నావిడ నువ్వొక్కదానివే అంది. వాళ్ళాయన రంపంతో కర్ర కోసి, కొసకు మందపాటి రబ్బరు దిండు బిగించి ఇచ్చాడు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ కాల్చాను. తన్నింది గానీ గాడిద కాదు, మేక. కళ్ళు తెరిచే ఉన్నాయి. డబ్బా ఎగిరిపోయింది.

మిగిలిన సగం పని మా ఆయన చేశాడు. ఇంటికి తెచ్చిన తుపాకీ వంక చూడనన్న మనిషి, ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. జేబులోంచి మందుల చీటీల పుస్తకం తీశాడు. ఒక కాగితం మీద పందిని పక్కనుంచి గీశాడు. మంచి బొమ్మ, తర్వాత కోలిన్ కూడా మెచ్చుకున్నాడు. "గుండె మనం అనుకున్నంత పైన ఉండదు. ముందరికాలి వెనకాల, కింది మూడోవంతులో," అని చుక్క పెట్టాడు. ఊపిరితిత్తులు గీశాడు. పంది గుండె మనిషి గుండెకు దగ్గర చుట్టమని, తను చదువుకునేటప్పుడు కోసి చూశానని చెప్పాడు. ఎదురుగా ఉంటే కాల్చొద్దు, పరుగెడుతుంటే కాల్చొద్దు, పిల్లలతో ఉంటే అసలే వద్దు. ఇవన్నీ రాసి, అడుగున ఇంకో వరుస రాసి, సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. ఆ ఏడాది మూడెకరాల పంట దక్కింది. పట్నం మాట మళ్ళీ ఎత్తలేదు. నేను కాల్చిన ప్రతిసారీ ఆయనొచ్చి, గడ్డిపోచతో దాని కంటిని తాకి చూసి, "అయిపోయింది," అనేవాడు. తర్వాత ఇద్దరం కుళాయి దగ్గర తలస్నానం. కోలిన్ పందిని తన బండిలో వేసుకుంటూ, ఈ స్నానం ఎందుకని చాలాసార్లు అడిగాడు. చావు చావే కదా అని చెప్పాను. కొన్నాళ్ళకు అతను కూడా మా కుళాయి కింద చేతులు కడుక్కుని పోవడం మొదలుపెట్టాడు.

పిల్లలకు తెలిసిన కథ వేరు. తాతయ్య చీమకు కూడా హాని చేయలేదు, అమ్మమ్మే వేటగత్తె. పిల్లలు నన్ను 'గన్ అమ్మమ్మ' అని ఏడిపిస్తారు. నేనెప్పుడూ దిద్దలేదు.

ఈలోపు ఇక్కడ కొట్టతను పెద్ద రైఫిల్ తేవడానికి లోపలికి వెళ్ళాడు. చిన్నది బల్ల మీద ఉంది. మేఘన దాని మీద చెయ్యి వేసి నిలబడింది. ఇప్పటి పిల్లలకు ఎన్ని వీడియోలో, ఎన్ని సలహాలో, నాకు టీ ఇచ్చి చెప్పిన బెరిల్ లాంటి మనిషే లేదు గానీ. అయినా పొరపాటు మాత్రం అదే, మన ఇంటి పొరపాటే. దయ కొద్దీ చేసేది. నేను కుర్చీలో కూర్చుని, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పేశాను. కుందేళ్ళ అబద్ధంతో సహా. దవడ దగ్గరికొచ్చినప్పుడు కూడా ఆపలేదు. మేఘన కళ్ళనిండా నీళ్ళు.

"తాతయ్యా? నో, అమ్మమ్మా. హీ వుడ్ నెవర్."

"మీ తాతయ్యేనే. మంచితనంతోనే చేసినాడు. అందుకే ఆ మంచితనం ఆయన్ని బతికినన్నాళ్ళూ కాల్చింది."

"మరి ఎందుకు చెప్పలేదు, ఇన్నేళ్ళు?"

"ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు తప్పినాను. పైకి పోయినాక అడిగితే నేను జవాబు చెప్పుకుంటాలే."

సంచీలోంచి ఆ కాగితం తీసిచ్చాను. బొమ్మ చూపించి, ఎక్కడ గురి పెట్టాలో చెబుదామని మాత్రమే తెచ్చాను పొద్దున. అంచులు పసుపుపచ్చగా మారాయి, మడతల దగ్గర పీలికలయ్యాయి. మేఘన పందిని చూసింది, చుక్కను చూసింది. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. అయితే అడుగు వరుస ఇంగ్లీషులోనే ఉంది, ఇక్కడి డాక్టర్లు మందుల చీటీ చివర రాసే పద్ధతిలో. డాక్టరు రాత కదా, కాస్త తడుముకుంటూ పైకి చదివింది. "వన్. వన్స్ ఓన్లీ. రిపీట్స్, నిల్."

ఒకటి. ఒక్కసారే. మళ్ళీ వద్దు. ఆ వరుస మీద వేలు పెట్టుకుని మళ్ళీ చదువుకుంది. తర్వాత లేచి, చిన్న తుపాకీని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద అవతలికి జరిపింది. కొట్టతను తెచ్చిన పెద్దదాన్ని భుజానికి ఆనించుకుంది. ఆనలేదు. నా వైపు తిరిగి, మోచెయ్యి మడిచి చాపింది.

"టేపు తెచ్చావా, అమ్మమ్మా?"

తెచ్చాను. మడత నుంచి చూపుడువేలి దాకా కొలిచాను. నాకంటే అంగుళం పొడుగు. వాళ్ళ తాతయ్య చెయ్యి. అంకె దగ్గర బొటనవేలు నొక్కి, టేపు అలాగే పట్టుకుని కొట్టతనికి చూపించాను.